ఐదవ చక్రము
పికప్ బండికి లంకె పీఠమును స్వయముగా అమర్చుకొను విధము

ఎడ్లబండిపై ధాన్యపు బస్తాలు ఎత్తునపుడు అనుభవము గల బండివాడు, బరువెంత అని అడుగుటకు ముందే, బరువు ఎక్కడ పడుచున్నదో చూచుకొనును. వెనుకకు ఎక్కువ పేర్చినచో కాడి పైకి లేచి, ఎద్దుల మెడక్రింది పలుపులు గొంతునకు బిగియును. ముందునకు ఎక్కువ పేర్చినచో భారమంతయు మెడలపై పడి, ఎద్దులు త్వరలోనే డస్సిపోవును. ఇరుసునకు ఇరువైపుల బరువు పంచి, కాడిపై కొద్దిపాటి భారము మాత్రమే నిలుచునట్లు చేయుట అతని నేర్పు. ఆ నేర్పులో తులాసూత్రము, భారకేంద్రము మొదలగు బడిపాఠములన్నియు ఇమిడియున్నవి.

ఈ వ్యాసమున మేము చెప్పబూనినది అమెరికా, కెనడా దేశములలో వాడుకలోనున్న ఒక యంత్రసాధనమును గూర్చి. అచ్చటి జనులు పికప్ అను చిన్న లారీల తొట్టిలో ఉక్కు పీఠమొకటి బిగించుకొని, దానికి ఇంటివంటి పెద్ద ట్రెయిలరును తగిలించి ఊరూరు తిరుగుదురు. ఆ పీఠమునకు ‘ఐదవ చక్రము’ అని పేరు. దానిని మెకానిక్కు చేత పెట్టించుకొనువారు కొందరు. సెలవు దినమున ఇంటిముందే స్వయముగా పెట్టుకొనువారు మరికొందరు. మన కుటుంబముల పిల్లలు ఆ దేశములలో స్థిరపడుటచే ఈ సంగతి మనకు మునుపటంత దూరముగా లేదు. అదియునుగాక, మన పిల్లలు బడిలో చదువు గణితము, భౌతికశాస్త్రము ఒక మనిషి చేతిపనిలో ఎట్లు ప్రాణము పోసికొనునో చూపుటకు దీనికంటె మంచి ఉదాహరణము అరుదు. ఈ పనిలో తప్పు జరిగినచో నష్టపడునది చేసినవాడొక్కడే కాదు. వెనుక వచ్చు బండిలోని వారు, ఎదురుగా వచ్చువారు, త్రోవ ప్రక్కన నడచువారు అందరును ఆ బోల్టుల బిగువుపై ఆధారపడియుందురు. కావున దీనిని కొంత వివరముగనే చెప్పుచున్నాము.

1. పేరు, పుట్టుక

నాలుగు చక్రముల గుఱ్ఱపుబండిలో ముందు ఇరుసు ఇటునటు తిరుగనిదే బండి మలుపు తిరుగదు. అందుకై ముందు ఇరుసునకును బండిపెట్టెకును నడుమ చదునుగా ఒక ఇనుప వలయమును పరచి, దానిపై ఇరుసు తిరుగునట్లు అమర్చెడివారు. నేలపై దొర్లునవి నాలుగు; చదునుగా పరుండియున్నది ఒకటి. అందుచే దానికి ఐదవ చక్రమని పేరు వచ్చినది. గుఱ్ఱపుబండ్లు పోయి మోటారులు వచ్చినను పేరు మాత్రము నిలిచినది.

1914వ సంవత్సరమున డెట్రాయిట్ నగరమందలి కమ్మరియు బండ్ల నిర్మాతయునైన ఆగస్ట్ ఫ్రూహాఫ్, ఒక కలప వర్తకుని పడవను మోయుటకై ఫోర్డు మోడల్ టి కారు వెనుక తగిలించు ట్రెయిలరును నిర్మించెను. ముందు చక్రములు లేక, ముందుభాగమును లాగుడు బండిపై ఆనించు ఇట్టి ట్రెయిలరునకు సెమీ ట్రెయిలరని పేరు. అటుపిమ్మట విమాన నిర్మాతగా ప్రసిద్ధుడైన గ్లెన్ కర్టిస్, 1920ల చివరి భాగమున నివాసయోగ్యమైన ట్రెయిలరులను ఇదే రీతిని తగిలించుటకు పూనుకొనెను. ఆయన లంకెలో విమానపు టైరు ఒకటి నిజముగనే చదునుగా అమర్చబడియుండెడిది!

మన దేశములో ఇల్లుబండ్లు అరుదేగాని ఐదవ చక్రము అరుదు కాదు. చెన్నపట్నము, విశాఖపట్నము ఓడరేవుల నుండి పెద్ద ఇనుప పెట్టెలను మోసికొనిపోవు పొడుగు లారీలను తల్లిదండ్రులందరును చూచియుందురు. ముందున్న లారీకిని వెనుకనున్న పొడుగు బల్లకును నడుమ నల్లని కందెన పూసిన గుండ్రని ఉక్కు పలక కనబడును. అదియే ఐదవ చక్రము. బల్ల అడుగుభాగమున క్రిందికి వ్రేలాడు లావు శీలను కింగ్‌పిన్ అందురు. అంతర్జాతీయ ప్రమాణమున దీనికి 50, 90 మిల్లీమీటర్ల కొలతలు కలవు. పికప్ బండ్లకు తగిలించు ట్రెయిలరుల శీల రెండంగుళములది. అనగా ఇంచుమించు 50 మిల్లీమీటర్లు.

2. భాగములు

పికప్ బండిలో పెట్టు సాధనమున నాలుగు భాగములు ముఖ్యములు.

మొదటిది లంకె పీఠము. దీని తలపై గుఱ్ఱపులాడము ఆకారము గల పలక, దాని నడుమ కింగ్‌పిన్‌ను కఱచి పట్టుకొను దవడలు, దవడలను మూయు పిడి, పిడి తనంత తాను ఊడిరాకుండ అడ్డువేయు చిన్న శీల యుండును. ఎడ్లబండికి కడచీల యెట్టిదో దీనికి ఈ శీల అట్టిది.

రెండవది పట్టాలు. తొట్టి అడుగుపై అడ్డముగా పరచు రెండు ఉక్కు పట్టాలు ఇవి. వీటి నడిమి దూరము సుమారు 22 అంగుళములు. వీటిలోని గాడులలో లంకె పీఠము నాలుగు కాళ్ళు దిగి, శీలలతో నిలుచును. ట్రెయిలరుతో పనిలేనపుడు పీఠమును తీసివేసి తొట్టిని మామూలుగా వాడుకొనవచ్చును.

మూడవది బ్రాకెట్లు. ఇవి తొట్టి క్రింద, బండి చట్రమునకు బిగించునవి. పట్టాల బోల్టులు తొట్టి రేకును దాటి క్రిందికి పోయి వీటిని పట్టుకొనును. తొట్టి అడుగు పలుచని రేకు మాత్రమే. ట్రెయిలరు లాగునపుడు, ఆపునపుడు కలుగు బలమును భరించునది చట్రము. రేకునకు మాత్రమే బిగించిన లంకె మొదటి గట్టి బ్రేకుకే చీల్చుకొని వచ్చును.

నాలుగవది విద్యుత్తు తీగెల అమరిక. ట్రెయిలరు వెనుక దీపములకును, బ్రేకులకును బండి నుండి ఏడు కాళ్ళ ప్లగ్గు ద్వారా విద్యుత్తు పోవలెను. తొట్టిలోపలి ప్రక్క గోడకు ఈ ప్లగ్గు గూడు పెట్టుకొనుట వాడుక.

కొన్ని పెద్ద పికప్ బండ్లకు కర్మాగారమందే చట్రమునకు గూళ్ళు బిగించి పంపుచున్నారు. అట్టి బండిలో పీఠము కాళ్ళను ఆ గూళ్ళలో దింపి తిప్పినచో పని ముగియును, బెజ్జములు వేయనక్కరలేదు. కావున తెలివిగలవాడు ముందు తన బండిలో అట్టి ఏర్పాటున్నదేమో చూచుకొని, లేదని తేలిన పిమ్మటనే పట్టాలు కొనును.

3. బరువుల లెక్క

పని మొదలిడుటకు ముందు కాగితము, పెన్సిలు తీసికొనవలెను. కూడికలు, శాతములు తెలిసిన బాలుడు చేయదగిన లెక్కయే ఇది. అయినను ఈ లెక్కను దాటవేయుట ప్రమాదకరము.

మామూలు ట్రెయిలరును బండి వెనుక కొసకు తగిలించినచో దాని మొత్తపు బరువులో నూటికి 10 నుండి 15 పాళ్ళు లంకెపై పడవలెను. ఐదవ చక్రపు ట్రెయిలరున ఈ పాలు నూటికి 15 నుండి 25 వరకు ఉండును. సాధారణముగా 20 అని లెక్కింతురు. దీనిని పిన్ను బరువు అందురు. ఎడ్ల మెడపై కాడి బరువు వంటిదే ఇది.

సామానులతో నిండిన ట్రెయిలరు 12,000 పౌనులు, అనగా సుమారు 5,440 కిలోలు తూగుననుకొందము. నూటికి 20 చొప్పున పిన్ను బరువు 2,400 పౌనులు. లంకె పీఠము, పట్టాలు కలిపి 200 పౌనులు. బండిలో నలుగురు మనుష్యులు 600. వారి సామానులు 150. మొత్తము 3,350 పౌనులు. ఇక బండి నడుపువాని తలుపు ప్రక్కన అంటించిన చీటీని చదువవలెను. మనుష్యులును సరకును కలిసి ఇంతకు మించరాదని అందులో ముద్రింపబడియుండును. అది 3,000 పౌనులైనచో మన లెక్క 350 పౌనులు మించినది.

ఇచ్చట పలువురు పొరబడుదురు. “ఈ బండి 15,000 పౌనులు లాగగలదు” అని ప్రకటనలో చూచి, 12,000 పౌనుల ట్రెయిలరు తేలికయని తలంతురు. లాగు శక్తి వేరు, మోయు శక్తి వేరు. ఐదవ చక్రము విషయమున ముందు ముగిసిపోవునది పలుమారు మోయు శక్తియే. వెనుక ఇరుసు హద్దు, టైర్ల హద్దు, బండియు ట్రెయిలరును కలిసిన మొత్తపు హద్దు, లంకె పీఠముపై ముద్రించిన హద్దు — వీటిలో ఏది అన్నిటికంటె తక్కువయో అదియే మన హద్దు. గొలుసు బలము దాని బలహీనమైన లంకెయే కదా. లెక్క సరిపోయినను, ట్రెయిలరు తగిలించిన పిమ్మట ఒకమారు లారీలు తూచు కాటాపై ఎక్కించి చూచుకొనుట మేలు.

4. పీఠము ఎక్కడ ఉండవలెను

పీఠపు నడిమి బిందువు వెనుక ఇరుసునకు సరిగా పైన గాని, ఒకటి రెండంగుళములు ముందుగా గాని యుండవలెను. ఇరుసునకు వెనుకగా ఎన్నడును ఉండరాదు. ఖచ్చితమైన కొలత ఆ బండికై వ్రాసిన సూచన పత్రమున ఇచ్చియుండును.

కారణము తులాసూత్రమున కలదు. ముందు చక్రములకును వెనుక చక్రములకును నడుమ దూరము 160 అంగుళములనుకొందము. 2,400 పౌనుల పిన్ను బరువు ఇరుసునకు 2 అంగుళములు ముందు పడినచో, ముందు చక్రములపై 2,400ను 2తో గుణించి 160తో భాగించిన ఫలము, అనగా 30 పౌనులు చేరును. చక్రములు నేలను చక్కగా పట్టుకొనును. అదే బరువు 6 అంగుళములు వెనుక పడినచో ముందు చక్రముల నుండి 90 పౌనులు తగ్గును. బండిని తిప్పునవి ముందు చక్రములు. అవి తేలికయైనకొలది చేతిలోని స్టీరింగు మాట వినుట తగ్గును. బండి వెనుక కొసకు తగిలించు లంకె ఇరుసునకు 60 అంగుళములు వెనుకనున్నదనుకొనినచో, అచ్చట పడిన 1,200 పౌనులు ముందు చక్రముల నుండి 450 పౌనులు ఎత్తివేయును. దూరము ఎంత పని చేయునో దీనివలన తెలియగలదు.

మరియొక లాభమును కలదు. ట్రెయిలరు ప్రక్కగాలికి ఊగినపుడు ఆ త్రోపు ఇరుసుపైననే పడును. అచ్చట దానికి బండి తోకను ఇటునటు త్రిప్పుటకు మీట దొరకదు. పెద్ద ట్రెయిలరులకు ఈ పద్ధతి స్థిరమైనదని పేరు పొందుటకు హేతువిదియే.

అయితే పొట్టి తొట్టిగల బండ్లలో ఒక చిక్కు కలదు. ట్రెయిలరు వెడల్పు 102 అంగుళములైనచో అందులో సగము 51. బండి లంబకోణముగా మలుపు తిరుగునపుడు కింగ్‌పిన్ నుండి డ్రైవరు గది వెనుక అద్దము వరకు కనీసము 51 అంగుళములకు మించి చోటుండవలెను. మూల ముందుకు పొడుచుకొనియున్నచో ఇంకను ఎక్కువ కావలెను. ఎనిమిది అడుగుల తొట్టిలో ఈ చోటు సాధారణముగా దొరకును. ఆరున్నర అడుగుల తొట్టిలోను, అంతకు పొట్టిదానిలోను పలుమారు చాలదు. ట్రెయిలరు మూల అద్దమును పగులగొట్టును. అట్టివారికై వెనుకకు జరుగు పీఠములు చేయబడినవి. మెల్లగా మలుపులు తిరుగునపుడు మాత్రము దానిని వెనుకకు జరిపి, రహదారిపై పోవుటకు ముందు తప్పక తన స్థానమునకు తెచ్చి తాళము వేయవలెను.

5. పని చేయు క్రమము

ఈ పనికి ఇద్దరు మనుష్యులు, ఒక పూర్తి దినము కావలెను. ఒకరు తొట్టిలో బోల్టు పట్టుకొనగా వేరొకరు క్రింద నట్టు బిగింపవలసియుండును గనుక ఒంటరితనము పనికిరాదు.

సామగ్రి: పానాల వరుస, టార్క్ పానా, కరెంటు డ్రిల్లు, పలు కొలతల బిట్లు, టేపు, మూలమట్టము, దారమునకు కట్టిన గుండు, సుద్ద, ఆకురాయి, తుప్పు పట్టనీయని రంగు, కండ్లద్దములు, చక్రములకు అడ్డుపెట్టు దిమ్మెలు.

మొదట సూచన పత్రమును చివరి వరకు చదువవలెను. సంచులలోని బోల్టులు, వాషర్లు, పలకలు పత్రమందలి పట్టికతో సరిచూచి లెక్కపెట్టవలెను. బోల్టు తలపై గుర్తులను గమనింపవలెను. అంగుళముల కొలతలో మూడు గీతలున్నది ఐదవ తరగతి, ఆరు గీతలున్నది ఎనిమిదవ తరగతి. మిల్లీమీటర్ల కొలతలో 10.9 వంటి అంకె ముద్రింపబడియుండును. ఒక బోల్టు పోయినచో అంగడిలో దొరికిన ఏదో యొకటి పెట్టరాదు. ఆ తరగతిదే తేవలెను.

రెండవది, బండిని చదునైన నేలపై నిలిపి, చక్రములకు దిమ్మెలు వేసి, తొట్టిని ఖాళీ చేయవలెను. తొట్టిలో ఊడదీయదగిన ప్లాస్టిక్కు పరుపు ఉన్నచో తీసివేయవలెను, లేదా పట్టాల క్రింద వచ్చు మేరకు కోసివేయవలెను. మెత్తని దానిపై బిగించిన బోల్టు కొన్నినాళ్ళకు వదులగును. క్రిందనున్న అదనపు టైరును దింపినచో చేతులాడుటకు చోటు చిక్కును. బండిని పైకెత్తవలసివచ్చినచో జాకీపై మాత్రమే నిలిపి దాని క్రింద దూరరాదు. గట్టి ఉక్కు స్టాండ్లు పెట్టవలెను.

మూడవది, ఇరుసు నడిమి రేఖను తొట్టిలో గుర్తించుట. చక్రపు నడిమికి సూటిగా గుండు దారము వ్రేలాడదీసి, ఆ గుర్తు తొట్టి వెనుక అంచునకు ఎంత దూరమో ఇరువైపుల కొలిచి, లోపల సుద్దతో గీత గీయవలెను. పత్రమందలి కొలత ప్రకారము పట్టాల చోటును అచ్చటినుండి గుర్తింపవలెను.

నాలుగవది, పట్టాలను పరచి మూలలు సరిచూచుట. రెండు పట్టాలు ఒకదానికొకటి సమాంతరముగాను, బండి పొడవునకు లంబముగాను ఉండవలెను. రెండు పట్టాల కొసలను కలిపినచో దీర్ఘచతురస్రమేర్పడును. దాని రెండు కర్ణములు సమానమైననే మూలలు సరియైనవి. దీనిని మన పిల్లలు క్షేత్రగణితమున చదువుదురు. కర్ణములలో అరంగుళము తేడా వచ్చినచో పీఠము వంకరగా కూర్చుండి, దాని కాళ్ళు గాడులలో దిగవు. దిగినను కొట్టి దింపవలసివచ్చును. కొట్టి దింపినది ఎన్నటికిని సుఖముగా నుండదు.

ఐదవది, బెజ్జములు వేయుట. ఇచ్చటనే ఎక్కువ ఓర్పు కావలెను. వేయబోవు ప్రతి బెజ్జము క్రింద ఏమున్నదో ముందు బండి క్రిందికి పోయి చూడవలెను. పెట్రోలు తొట్టి, పెట్రోలు గొట్టము, బ్రేకు గొట్టము, తీగెలు — వీటిలో ఏదైన బిట్టు దారిలోనున్నచో తొలగించి కట్టవలెను. తొలగింపరానిచో అచ్చట బెజ్జము వేయరాదు. మొదట సన్నని బిట్టుతో చిన్న బెజ్జము వేసి, అది బ్రాకెట్టు బెజ్జమునకు సరిపోయినదని క్రిందినుండి చూచి, అటుపిమ్మటనే పెద్దది వేయవలెను. చిన్న బెజ్జము తప్పినచో సరిదిద్దవచ్చును. పెద్దది తప్పినచో కాలము మించిపోవును. పత్రము చెప్పనిదే చట్రమునకు క్రొత్త బెజ్జము వేయరాదు, వెల్డింగు చేయరాదు. బ్రాకెట్లు సాధారణముగా చట్రమున మునుపే యున్న బెజ్జములకు సరిపోవునట్లు చేయబడును.

బెజ్జపు అంచులను ఆకురాయితో నునుపుచేసి, ఉక్కు రజను ఊడ్చివేసి, పచ్చి ఇనుము కనబడు చోటులకెల్ల రంగు పూసి ఆరనీయవలెను. ఊడ్వని రజను ఒక్క వానకే తుప్పుపట్టి, తొట్టిని గూడ తుప్పు పట్టించును.

ఆరవది, తొట్టి అడుగు గాడులుగాడులుగా నుండును గనుక, పట్టా క్రింద ఖాళీ యున్న ప్రతి బోల్టు వద్దను ఇచ్చిన ఉక్కు బిళ్ళలను ఇరికింపవలెను. లేనిచో బోల్టు బిగించినకొలది రేకు నలిగి క్రిందికి దిగును. నలిగిన రేకు మెల్లమెల్లగా ఇంకను దిగి, బోల్టు వదులగును.

ఏడవది, బోల్టులన్నిటిని చేతితో తిరుగునంతవరకే బిగించి, పీఠమును తెచ్చి పట్టాలలో దింపి చూడవలెను. నాలుగు కాళ్ళును సులువుగా దిగి, శీలలు చేతితో దూరినచో అమరిక సరియైనది. అప్పుడే కడపటి బిగింపు.

6. బిగింపు అనగా నేమి

బోల్టు బెజ్జములో మేకువలె నిలిచి బరువు మోయునని పలువురి భావన. మంచి బిగింపులో అట్లు జరుగదు. నట్టు తిప్పినకొలది బోల్టు స్ప్రింగువలె రవంత సాగును. సాగినది ముడుచుకొన యత్నించుచు పట్టాను, బ్రాకెట్టును ఒకదానికొకటి నొక్కిపట్టును. ఆ నొక్కుడు వలన కలుగు ఘర్షణయే జరుగుడును ఆపును. బిగువు చాలనిచో భాగములు జరుగును. జరిగినపుడెల్ల బోల్టు వంగి నిలుచును. వేలసార్లు అట్లైన పిమ్మట మంచి ఉక్కు సైతము ఏ సూచనయు లేక విరుగును. బిగువు మించినచో బోల్టు సాగిపోయి తన సత్తువ కోల్పోవును.

ఎంత బిగింపవలెనో చేతి అంచనాతో తెలియదు. అందుకే టార్క్ పానా కావలెను. అర అంగుళము మందము గల ఐదవ తరగతి బోల్టునకు 75 అడుగు-పౌనులని పత్రములో ఉన్నదనుకొందము. అడుగున్నర పొడవు గల పానా పిడి కొసను 50 పౌనుల బలముతో లాగినచో ఆ ఫలము వచ్చును. ఈ కొద్దిపాటి శ్రమతో బోల్టున పుట్టు నొక్కుడు ఎంతయో ఊహింపుడు: సుమారు 9,000 పౌనులు, అనగా నాలుగు టన్నులు! మరలలోని ఏటవాలు చేయు మహిమ ఇది.

ఒక జాగ్రత్త కలదు. ఈ లెక్క పొడి మరలకు చెప్పినది. మరలకు నూనె పూసినచో ఘర్షణ తగ్గి, అదే తిప్పుడునకు బోల్టు మిక్కిలి సాగును. పత్రము చెప్పనిదే నూనె పూయరాదు. అంకెలు సైతము ఆ పత్రమునందలివే వాడవలెను. మేము చెప్పినవి ఉదాహరణములు మాత్రమే.

అన్నిటిని ఒక్కమారుగా పూర్తిగ బిగింపక, ఒకటి విడిచి ఒకటి చొప్పున రెండు మూడు విడతలుగ బిగింపవలెను. బిగించిన ప్రతి బోల్టుపై రంగు సుద్దతో నట్టు మీదుగా ఒక గీత గీసినచో, తరువాత అది తిరిగినదీ లేనిదీ ఒక చూపున తెలియును. మొదటి ప్రయాణమున కొద్ది దూరము పోయిన పిమ్మట ఒకమారు, తరువాత ప్రతి దూరప్రయాణమునకు ముందు ఒకమారు సరిచూడవలెను.

7. తగిలించుట, పరీక్షించుట

ట్రెయిలరు చక్రములకు దిమ్మెలు వేసి, బండి వెనుక తలుపు దింపి, ట్రెయిలరు ముందు కాళ్ళను సరిచేసి, దాని పలక లంకె పీఠముకంటె రవంత దిగువగా నుండునట్లు చూడవలెను. బండిని వెనుకకు నడుపగా ట్రెయిలరు పలక పీఠమునానుకొని కొంచెము పైకెత్తుకొని, కింగ్‌పిన్ దవడలలోనికి చొచ్చును. ట్రెయిలరు మిక్కిలి ఎత్తుగానున్నచో శీల కొస దవడలపై కూర్చుండును; దూరమునుండి చూచిన తగిలినట్లే తోచును; కుదుపు రాగానే జారి తొట్టిపై పడును. కావున దీపము పట్టుకొని, వంగి, దవడలు శీల మెడను చుట్టుకొన్నవా లేదా అని కంటితో చూడవలెను.

పిమ్మట పిడి మూసి, అడ్డుశీల వేసి, తీగెల ప్లగ్గు పెట్టి, తెగుడు తీగెను బండికి తగిలింపవలెను. తెగుడు తీగె యనగా, ట్రెయిలరు ఊడిపోయినచో తాను లాగబడి, ట్రెయిలరులోని బ్యాటరీతో దాని బ్రేకులను పట్టించునది. దానిని పీఠమునకు గాక బండికే కట్టవలెను. పీఠమే ఊడివచ్చినచో పీఠమునకు కట్టిన తీగె లాగబడదు కదా.

అటుపిమ్మట లాగుడు పరీక్ష. దిమ్మెలు తీయక, ముందు కాళ్ళు నేలపై నుండగనే, ట్రెయిలరు బ్రేకులను చేతితో పట్టించి బండిని మెల్లగా ముందుకు లాగవలెను. బండి కదలకున్నచో లంకె పట్టినది. దీపములు, మలుపు సూచికలు, బ్రేకులు వేరొకరిని వెనుక నిలిపి చూపించుకొనవలెను. తొట్టి ప్రక్క గోడలకును ట్రెయిలరు అడుగునకును నడుమ ఐదారు అంగుళముల ఎడముండుట మేలు. లేనిచో గతుకుల త్రోవలో రెండును తాకును.

8. ఎవరు పూనుకొనవచ్చును

ఓర్పుతో చదువగలవాడు, కొలిచినదానిని తిరిగి కొలుచువాడు, తెలియని చోట అడుగుటకు సిగ్గుపడనివాడు ఈ పని చేయవచ్చును. మెకానిక్కునకు ఇచ్చు కూలి మిగులును. అంతకంటె మేలైనది, తన బండి అడుగున ఏమున్నదో తనకు తెలియుట. త్రోవలో వింత చప్పుడు వినబడినపుడు అది ఎక్కడిదో ఊహింపగలుగును.

టార్క్ పానా లేనివాడు, తోడు లేనివాడు, సాయంకాలమునకు ప్రయాణము పెట్టుకొని ఉదయమున పని మొదలిడువాడు పూనుకొనరాదు. చట్రమున తుప్పు కనబడినను, పత్రములోని బొమ్మకును బండికిని పొంతన కుదరకున్నను, పని ఆపి తెలిసినవారికి చూపవలెను. పని మధ్యలో ఆపుట అవమానము కాదు.

ఈ పనిలో ప్రధానభాగములన్నియు ముగిసిన పిమ్మట కంటికి కనబడవు. తొట్టిలో నిగనిగలాడు పీఠమును అందరు చూతురు. క్రింద చీకటిలోనున్న నట్టు బిగువు చేసినవానికొక్కనికే తెలియును. పరీక్షాధికారి లేని చోట సరిగా చేయుటయే చదువునకు అసలైన పరీక్షయని మా అభిప్రాయము.

9. ఇంట పిల్లలతో చేయదగిన లెక్కలు

తల్లిదండ్రులు ఈ క్రింది లెక్కలను పై తరగతుల పిల్లలచే చేయింపగోరుదుము.

(అ) ట్రెయిలరు 9,000 పౌనులు. నూటికి 20 చొప్పున పిన్ను బరువెంత? బండి చీటీలోని హద్దు 2,600 పౌనులు. పీఠము, పట్టాలు 200, ఒక్కొక్కరు 160 చొప్పున ముగ్గురు మనుష్యులు, సామానులు 100. ఇంక ఎంత చోటు మిగులును? మరియొక మనుష్యుడు ఎక్కవచ్చునా?

(ఆ) ఆ పిన్ను బరువు ఇరుసునకు 4 అంగుళములు ముందు పడినది. చక్రముల నడిమి దూరము 160 అంగుళములు. ముందు చక్రములపై ఎంత, వెనుక చక్రములపై ఎంత చేరును?

(ఇ) రెండడుగుల పానాతో 75 అడుగు-పౌనుల బిగువు రావలెననిన, కొసను ఎంత బలముతో లాగవలెను?

జవాబులు: (అ) 1,800 పౌనులు; మిగులునది 20 పౌనులు; నాలుగవవాడు ఎక్కరాదు. (ఆ) ముందు 45, వెనుక 1,755 పౌనులు. (ఇ) ముప్పదియేడున్నర పౌనులు.

లెక్క ముగిసిన పిమ్మట, వీలైనచో పిల్లలను ఒకనాడు రహదారి ప్రక్కన లారీలు ఆగు చోటికి తీసికొనిపోయి, పెద్దల చేయి పట్టుకొని నిలిచి, పెట్టెల లారీ నడుమనున్న ఆ నల్లని పలకను చూపుడు. డ్రైవరును మర్యాదగా అడిగినచో దవడలు, పిడి, అడ్డుశీల చూపింపకపోడు. పుస్తకములోని బొమ్మ కంటె ఆ చూపు పిల్లల మనసున చిరకాలము నిలుచును.